ఖయాల్ రసం: నాన్సెన్స్ పద్యాలూ, వింత బొమ్మలూ

నాన్సెన్స్ అనే ఇంగ్లీషు మాట మన తరగతి గదుల్లో మందలింపుగానే వినిపిస్తుంది. లెక్క తప్పినా, వ్యాసం దారి తప్పినా అధ్యాపకుల నోట ఆ మాటే వస్తుంది. అయితే ఇంగ్లీషు సాహిత్య చరిత్రలో అదే మాట ఒక కవితాశాఖకు పేరై నిలిచింది. ఆ శాఖకు చెందిన పద్యంలో కర్త, కర్మ, క్రియ అన్నీ ఉంటాయి. ఛందస్సు చెడదు, ప్రాస తప్పదు. అర్థం మాత్రం చేతికి చిక్కినట్లే చిక్కి జారిపోతుంది. ఇటువంటి పద్యాలను, వాటికి జోడుగా వచ్చే వింత బొమ్మలను శ్రద్ధగా చదవదగిన విద్యగా పరిగణించవచ్చునా, చదవదలచినవారు ఎక్కడికి పోవాలి అన్నవి ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయాలు. ఉర్దూ, తెలుగు రెండూ చెవిని పడే కళాశాలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన విలువ ఉన్నదని మా అభిప్రాయం.

ఇంట్లో వినే మాటలతోనే ప్రారంభిద్దాం. 'పుస్తకం గిస్తకం తెచ్చావా?' అని తల్లి కుమారుణ్ణి అడుగుతుంది. గిస్తకం అనే వస్తువు ప్రపంచంలో ఎక్కడా లేదు. నిఘంటువులో వెదికితే దొరకదు. కాని 'పుస్తకం తెచ్చావా?' అన్న ప్రశ్నకూ, ఈ ప్రశ్నకూ భేదం ఉన్నది. రెండవదానిలో నోటుపుస్తకం, కలం, పెన్సిలు అన్నీ వచ్చి చేరాయి. పైగా అడిగేవారి విసుగు కూడా కొంత కలిసింది. అర్థం లేని మాట ఒకటి పక్కన నిలబడి అర్థమున్న మాటను మార్చివేసిందన్నమాట. తెలుగు వ్యాకర్తలు వీటిని ప్రతిధ్వని పదాలంటారు. ఉర్దూ వ్యాకరణంలో దీనికి 'తాబే ముహ్మల్' అని పేరు. ముహ్మల్ అంటే అర్థరహితమైనది, తాబే అంటే వెంట నడిచేది. రోటీ వోటీ, పానీ వానీ, చాయ్ వాయ్ అన్నవి ఇందుకు ఉదాహరణలు.

ఈ అర్థరహిత పదాలకు గల క్రమశిక్షణ చూడండి. తెలుగులో మొదటి అక్షరం హ్రస్వమైతే 'గి' వస్తుంది, దీర్ఘమైతే 'గీ' వస్తుంది. పులి గిలి, పాము గీము, పెళ్లి గిళ్లి, కాఫీ గీఫీ. 'పాము గిము' అని బడి ముఖం చూడని పసివాడు కూడా అనడు. ఉర్దూ పద్ధతి వేరు. అక్కడ అచ్చు చెక్కుచెదరదు, హల్లు మాత్రమే మారి వకారమవుతుంది. బెంగాలీలో ఆ స్థానం టకారానిది, 'జొల్ టొల్' అంటారు. ఇక తెలుగులో గిన్నె అనే మాట వచ్చిందంటే సూత్రం కాస్తా చతికిలబడుతుంది. 'గిన్నెలూ అవీ' అని తప్పించుకోవలసిందే. హైదరాబాదు వీధుల్లోని ఉర్దూలో ఈ జంటలు ఏ హల్లుతో పలుకుతున్నాయో, తెలుగు ఇరుగుపొరుగుల ప్రభావం ఎంత ఉన్నదో విద్యార్థులే చెవి యొగ్గి వ్రాసుకోవచ్చు. అది ఒక మంచి పరిశోధనకు తొలి మెట్టు కాగలదు.

నాన్సెన్స్ కవిత్వపు రహస్యం ఈ జంట పదాలలోనే ఉన్నది. అర్థాన్ని తీసివేసినప్పుడు భాషలో మిగిలేది గందరగోళం కాదు, నియమం. ఆ నియమం ఎంత గట్టిగా ఉంటే నవ్వు అంతగా పండుతుంది.

దీన్ని ఒక జీవితకాలం సాధన చేసిన వ్యక్తి ఎడ్వర్డ్ లియర్. ఈయన 1812లో లండన్ పరిసరాలలోని హాలోవేలో జన్మించాడు. అక్క చేతిలో పెరిగాడు. బాల్యం నుంచీ మూర్ఛరోగం ఉన్నది, దాన్ని జీవితాంతం లోకానికి తెలియనీయలేదు. ఆయన మొదటి వృత్తి కవిత్వం కాదు, పక్షుల చిత్రణ. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో లండన్ జంతుప్రదర్శనశాలలో బ్రతికి ఉన్న చిలుకల ఎదుట కూర్చుండి, రెక్కలూ ముక్కులూ కొలిచి, 1830-32 సంవత్సరాల మధ్య 42 చిత్రాలు ప్రకటించాడు. శిలాముద్రణకు కావలసిన రాతిమీద తానే గీసేవాడు. ఉర్దూ పుస్తకాలు కాతిబుల చేతివ్రాత నుంచి ఎన్నో దశాబ్దాలపాటు అచ్చయినది ఈ శిలాముద్రణ పద్ధతిలోనే కనుక మన విద్యార్థులకు అది పరాయిది కాదు.

ఆ తరువాత 1846లో 'ఎ బుక్ ఆఫ్ నాన్సెన్స్' మారుపేరుతో వెలువడింది. ఐదు చరణాల చిన్న పద్యం, పైన ఒక బొమ్మ. వింత మనిషి ఒకడు ఏదో చేస్తాడు, ఊరివాళ్లు ఏదో అంటారు. ఆ బొమ్మల్లోని మనుషులు చేతులు వెనక్కి చాచి, ఒంటికాలిపై లేచి, పక్షులవలె కనిపిస్తారు. చిలుకలను కొలిచిన చేయి కదా! పద్యంలో ఊరివాళ్లు వింత మనిషిని మందలిస్తూ ఉంటే బొమ్మలో ఇద్దరూ నవ్వుకుంటూ కనిపించే సందర్భాలూ ఉన్నాయి. బొమ్మ పద్యానికి అలంకారం కాదు, పద్యంతో వాదించే రెండవ గొంతు. వింత బొమ్మ గీయదలచిన విద్యార్థి ముందుగా ఉన్నది ఉన్నట్లు గీయడం నేర్వాలని మేము నొక్కి చెప్పడానికి లియరే సాక్షి. నిజమైన చిలుక బరువు ఎరిగినవాడు గీసినప్పుడే లేని పక్షి కూడా కొమ్మమీద నిలబడుతుంది.

లియర్ మన దేశానికి వచ్చాడన్న సంగతి చాలామందికి తెలియదు. వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆహ్వానంపై 1873 నవంబరులో బొంబాయిలో దిగి, 1875 జనవరి వరకు కొండలూ కోవెలలూ గీస్తూ దేశమంతా తిరిగాడు. మద్రాసు, మహాబలిపురం, తంజావూరు కూడా చూశాడు. ఆ ప్రయాణంలో 'ది కమర్‌బండ్' అనే పద్యం వ్రాశాడు. అది 1874లో బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో అచ్చయింది. ఈ పద్యాన్ని ఇంగ్లీషు పాఠకుని కంటె ఉర్దూ తెలిసిన పాఠకుడే నిండుగా చదవగలడు. అందువల్ల ఇక్కడ కొంత ఆగుదాం.

అందులో ఒక దొరసాని సాయంకాలం నక్షత్రాన్ని చూస్తూ కూర్చుంటుంది. దేనిమీద? ధోబీ మీద. పంకాలు దారిన పోతూ ఆమె అందాన్ని పొగడుతాయి. ఖానసామాలు చెట్లుగా ఎదిగి ఉంటాయి. చప్రాసీలు బంగారు వాజాలతో ఏటిలో ఈదుతుంటారు. ఆయాలు పచ్చపచ్చగా చెట్లకొమ్మలపై వాలి ఉంటారు. నీళ్లు మోసే భిష్తీలు పిట్టలై కిచకిచలాడుతారు. అంతలో నోరు తెరుచుకొని కమర్‌బండ్ అనే భయంకర మృగం వచ్చి దొరసానిని అమాంతం మింగివేస్తుంది. కమర్‌బండ్ అంటే నడుముకు కట్టుకునే పట్టీ అని మనకు తెలుసు. నడుమును చుట్టుకొనేది మనిషినే మింగిందన్న ఊహ ఉర్దూ చెవికి మరింత గమ్మత్తుగా తోస్తుంది. మాటల అర్థాలు తెలియని లండన్ పాఠకునికి అవి కేవలం చప్పుళ్లు. బొంబాయిలో పత్రిక చదివిన ఇంగ్లీషువారికి అవి రోజూ కేకవేసి పిలిచే పేర్లు. ఒకే పద్యం ఇద్దరికి రెండు విధాలుగా నవ్వు తెప్పించింది.

మూడవ పాఠకులం మనం. మనకు చప్రాసీ అంటే చేపా కాదు, చప్పుడూ కాదు, ఒక మనిషి. అటువంటి కొలువులు చేసిన పెద్దలున్న ఇళ్ల నుంచి మన తరగతులకు విద్యార్థులు వస్తున్నారు. పద్యం చివర ధోబీని గోడకు మేకులతో కొట్టి, దానికింద హెచ్చరిక వ్రాసి పెడతారు. అక్కడ నవ్వు ఒక క్షణం ఆగుతుంది, ఆగాలి కూడా. సేవకుల పేర్లే ఎందుకు సామాన్లుగా, చెట్లుగా, చేపలుగా మారాయి, ఒక్క కలెక్టరు కూడా ఎందుకు పిట్ట కాలేదు అని అడగడం తప్పుకాదు. అలా అడిగినంత మాత్రాన పద్యాన్ని అటకెక్కించనక్కరలేదు. మింగబడినది దొరసాని, మింగినది దేశీయమైన మాట అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రెండు వైపులా ఆలోచించిన తరువాత కూడా మాకు ఆ ఏటిలోని చప్రాసీలు కళ్లముందు మెరుస్తూనే ఉన్నారు.

లియర్ వ్రాసిన మరొక పద్యంలో స్వాత్ లోయలోని అఖుంద్ ప్రస్తావన ఉన్నది. అఖుంద్ అంటే మతవిద్య నేర్పే గురువు. ఆయన 1877లో కన్నుమూసిన వాస్తవ వ్యక్తి, ఆ ప్రాంతపు ముస్లిములకు పూజ్యుడు. పద్యమంతా ప్రశ్నలే. ఆయన పొడవా పొట్టా, నడుస్తాడా స్వారీ చేస్తాడా అన్న ధోరణిలో సాగిపోతుంది, జవాబు ఒక్కటీ ఉండదు. ఆ పద్యం అఖుంద్ గురించి ఏమీ చెప్పదు. పత్రికలో ఒక పేరు చూసి ఏమీ తెలియక తికమకపడే దూరదేశపు మనిషిని గురించే చెబుతుంది.

లూయీ కారల్ వ్రాసిన ఆలిస్ కథలు చాలామంది ఎరిగినవే కనుక వాటిని గురించి రెండు ముక్కలే చెబుతాము. 1865లో మొదటి పుస్తకం రెండువేల ప్రతులు అచ్చయిన తరువాత, బొమ్మలు సరిగా పడలేదని చిత్రకారుడు జాన్ టెన్నియల్ పట్టుబట్టగా కారల్ ఆ ముద్రణను ఉపసంహరించి మళ్లీ అచ్చువేయించాడు. వార్షిక సంచికలో బొమ్మలు ఎలా పడినా ఫరవాలేదనుకొనేవారు ఈ సంగతి గమనించగలరు. రెండవ పుస్తకంలో విగ్గు పెట్టుకున్న కందిరీగ వచ్చే ఘట్టాన్ని గీయడం చిత్రకళకు సాధ్యం కాదని టెన్నియల్ చెప్పగా కారల్ ఆ ఘట్టాన్నే తీసివేశాడు. మాటకు సాధ్యమైనదల్లా గీతకు సాధ్యం కాదన్నమాట.

బెంగాలులో ఈ రెండు చేతులూ ఒకే మనిషికి ఉండేవి. సుకుమార్ రాయ్ 1887లో జన్మించాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివాడు. ఆ చదువుకునే రోజుల్లోనే నాన్సెన్స్ క్లబ్బు అనే పేరుతో మిత్రబృందాన్ని కూడగట్టి, 'ముప్ఫైరెండున్నర వేపుళ్లు' అని అర్థం వచ్చే శీర్షికతో చేతివ్రాత పత్రిక నడిపాడు. భారతీయ నాన్సెన్స్ సాహిత్యంలో అగ్రస్థానం పొందిన కవి మొదలుపెట్టినది కళాశాల విద్యార్థుల చేతివ్రాత పత్రికతోనే అన్నది మన విద్యార్థులు మరువరాదు. తరువాత 1911లో విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లి ముద్రణ, ఫొటోబ్లాకుల తయారీ అభ్యసించాడు. 1913లో తిరిగివచ్చాడు. ఆ ఏడే తండ్రి ఉపేంద్రకిశోర్ 'సందేశ్' అనే పిల్లల మాసపత్రిక ప్రారంభించాడు. 1915లో తండ్రి గతించగా సంపాదకత్వం సుకుమార్‌పై పడింది. పద్యాలు, కథలు, బొమ్మలు, అచ్చు వ్యవహారం అన్నీ తానే చూసుకునేవాడు.

ఆయన 'ఖిచుడి' అనే పద్యంలో బాతూ, ముళ్లపందీ కలిసి హాంస్‌జారు అనే ప్రాణి అవుతుంది. బెంగాలీలో హాంస్ అంటే బాతు, సజారు అంటే ముళ్లపంది. ఏనుగు, తిమింగలం కలిసి హాతిమి అవుతుంది. హాతీ, తిమి అన్న రెండు మాటలకూ నడుమనున్న 'తి' ఉమ్మడి ఆస్తి. పాపం, ఆ ప్రాణిలో సగం నీటికి పోదామంటే సగం అడవికి లాగుతుంది. వ్యాకరణాన్ని తాను లెక్కచేయనని కవి అక్కడ చమత్కరించాడు గాని, నిజానికి ఆ అతుకు ఏ సంధికార్యానికీ తీసిపోదు.

మన భాషల్లో ఇది కుదురుతుందా అని మేము ప్రయత్నించి చూశాము. కోతి, తిమింగలం కలిస్తే 'కోతిమింగలం'. మేక, కప్ప కలిస్తే 'మేకప్ప'. ఉర్దూలో ఎలుకకు చూహా, ఏనుగుకు హాథీ అన్న పేర్లు కలిస్తే 'చూహాథీ'. తెలుగు చిలుకకూ, ఉర్దూ పావురమైన కబూతర్‌కూ పెళ్లిచేస్తే 'చిలుకబూతర్' వచ్చింది. ఈ పక్షి రెండు భాషల గూటిలో తప్ప గుడ్డు పెట్టదు. ఇక వీటిని గీయబోయినప్పుడే అసలు చిక్కు ఎదురవుతుంది. మేకప్ప గెంతినప్పుడు గడ్డం ఎటు ఊగుతుంది? నీటిలో మునిగినప్పుడు కొమ్ములు పైకి కనబడతాయా? కోతిమింగలం తోక చెట్టుకొమ్మను పట్టుకొనేదా, అలను చరిచేదా? ఏ ప్రాణి ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలైనదో చూపలేని బొమ్మ కేవలం వికారంగా ఉంటుంది. చూపగలిగిన బొమ్మ అటువంటి జంతువు ఎక్కడో ఉన్నదని నమ్మిస్తుంది.

సుకుమార్‌కు 1921లో కాలా అజార్ అనే జ్వరం సోకింది. అప్పటికి దానికి సరైన మందు ఆయనకు అందలేదు. సుమారు రెండున్నర సంవత్సరాలు మంచంపట్టి కూడా ఆయన 'ఆబోల్ తాబోల్' అనే పద్యసంపుటికి బొమ్మలు గీసి, పుటల కూర్పు సరిచూశాడు. 1923 సెప్టెంబరు 10వ తేదీన ముప్ఫై ఆరు నిండకుండానే మరణించాడు. పుస్తకం సెప్టెంబరు 19న వెలువడింది. దాని పీఠికలో ఇది ఖేయాల్ రసానికి చెందిన గ్రంథమనీ, ఆ రసం రుచించనివారికి కాదనీ సూచించాడు. ఖయాల్ అన్నది అరబ్బీ నుంచి ఉర్దూకూ, బెంగాలీకీ వచ్చిన మాట. ఉర్దూలో అది తలపు, ఊహ. బెంగాలీలో అది మనసుకు తోచిన వింత ఇచ్ఛ. భరతుడు లెక్కించని రసానికి ఉర్దూవారి ఇంటి మాట పేరు కావడం మాకు ఎంతో సంతోషం కలిగించింది.

మన వద్ద ఇటువంటిది లేదా అంటే, ఉన్నది గాని దాని నడక వేరు. అవధానంలో దత్తపది అని ఒక అంశం. పొత్తు కుదరని నాలుగు మాటలిచ్చి, ఇచ్చిన విషయంపై పద్యం చెప్పమంటారు. సమస్యాపూరణంలో అసంబద్ధమైన పాదమిచ్చి అర్థం పుట్టించమంటారు. మన పండితులు నాన్సెన్స్‌ను పట్టుకొని సెన్స్‌గా మార్చి వదలిపెట్టారు. లియర్ నడిచిన దారికి ఇది ఎదురుదారి. అమీర్ ఖుస్రో (1253-1325) పేర ప్రచారంలో ఉన్న అన్‌మేల్ పద్యాల మార్గం మరొకటి. దాహం వేసి బావి వద్ద నీళ్లడిగితే నలుగురు స్త్రీలు నాలుగు వస్తువులపై కవిత్వం చెప్పమన్నారట. పాయసం, రాట్నం, కుక్క, డోలు. నాలుగింటినీ ఒకే పద్యంలో కుక్కి దాహం తీర్చుకున్నాడని ప్రతీతి. అది ఆయన రచనే అని నిర్ధారించలేము గాని, దత్తపదికి పొరుగునే ఉంటూ అర్థాన్ని బలవంతపెట్టని రచన అది. ఉర్దూ బాలసాహిత్యంలో సూఫీ గులాం ముస్తఫా తబస్సుమ్ (1899-1978) సృష్టించిన టోట్ బటోట్ పేరే ఒక ఆట. ఈయన లాహోరు కళాశాలలో ఫారసీ బోధించిన పండితుడన్నది గమనార్హం. తెలుగులో శ్రీశ్రీ లిమరిక్కునూ, ఋక్కునూ అతికి 'లిమఋక్కు' అన్నాడు. సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమఋక్కులు అన్న మూటి తొలి అక్షరాలతో 'సిప్రాలి' అన్న పేరు కట్టాడు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' మాటలకు బాపు గీసిన గీతలు వేరుచేయరానివని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక వీటిని ఎక్కడ చదవాలి? నాన్సెన్స్‌లో పట్టం ఇచ్చే విశ్వవిద్యాలయం కోసం వెదికితే కాలం వృథా. సాహిత్యం, జానపదం, చిత్రకళ అనే మూడు తలుపుల్లో ఏదో ఒకదాని గుండా ప్రవేశించాలి. ఇంగ్లీషు వైపు నుంచి పోదలచినవారికి హైదరాబాదులోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. ఉర్దూ వైపు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, 1931లో డాక్టర్ జోర్ స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ ఉన్నాయి. జానపదానికి 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం వారి వరంగల్లు పీఠం తగినది. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాలపై చేసిన పరిశోధన చదవనిదే ఆ రంగంలో అడుగుపెట్టరాదు. బొమ్మలకు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం, శాంతినికేతన్‌లోని కళాభవన్, అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ పేర్కొనదగినవి. లియర్ చిత్రాల పెద్ద సేకరణ అమెరికాలో హార్వర్డ్ వారి హౌటన్ గ్రంథాలయంలో ఉన్నది. కారల్ స్వహస్తంతో వ్రాసి బొమ్మలు గీసిన ఆలిస్ తొలి ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.

అంత దూరం పోలేనివారికి, మనలో ఎక్కువమంది అటువంటివారే, కళాశాల గ్రంథాలయమే విశ్వవిద్యాలయం. పాలకవర్గం వారికి మా విన్నపం స్వల్పమైనది. సుకాంత చౌధురి ఇంగ్లీషులోకి అనువదించిన సుకుమార్ రాయ్ సంపుటి (1987), భారతీయ భాషల నాన్సెన్స్ రచనలను కూర్చిన 'ది టెన్త్ రాసా' (2007), లియర్ సమగ్ర సంపుటి, ఈ మూడింటినీ తెప్పించాలి. సత్యజిత్ రాయ్ తన తండ్రిపై 1987లో తీసిన అరగంట చిత్రాన్ని ఒక సాయంకాలం ప్రదర్శించాలి. వచ్చే సంచికలో ఉర్దూ విభాగానికి నాలుగు పుటలు, తెలుగు విభాగానికి నాలుగు పుటలు విద్యార్థులు సేకరించిన ఆటపాటలకు కేటాయించాలి. పద్యం ఒక విద్యార్థిది, బొమ్మ మరొక విద్యార్థిది అయితే మరీ మంచిది.

సేకరించేవారికి కొన్ని సూచనలు. అమ్మమ్మలు, నానమ్మలు, నానీలు, దాదీలు పిల్లలను ఆడించేటప్పుడు చెప్పే పాటలను విన్నవి విన్నట్లు వ్రాయాలి. అర్థం కాని మాటను అర్థమయ్యే మాటగా దిద్దరాదు, అక్కడే దాని ప్రాణం ఉన్నది. ఉర్దూ పాటను ఉర్దూ లిపిలోనూ, దాని కింద ఉచ్చారణను తెలుగు లిపిలోనూ ఇవ్వాలి. తెలుగు పాటకూ అలాగే ఉర్దూ లిపిలో ఉచ్చారణ ఇవ్వాలి. చెప్పినవారి వయసు, ఊరు గుర్తించాలి. ఏ మాట వద్ద చప్పట్లు కొడతారో, ఏ మాట వద్ద బిడ్డకు చక్కిలిగిలి పెడతారో కూడా పక్కన వ్రాసుకోవాలి. బొమ్మలు తెల్లకాగితంపై నల్లసిరాతో, అచ్చులో పడే పరిమాణానికి రెండింతలు గీసి ఇవ్వాలి.